ఫ్రెంచ్‌లో దారి అడగడం, చెప్పడం: యాప్‌తోనా, క్లాసులోనా, ట్యూటర్ దగ్గరా, సొంతంగానా?

ఫ్రెంచ్‌లో దారి అడగడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. "బోఁజూర్ మదామ్, పూర్ అలే ఆ లా గార్, సిల్ వూ ప్లే?" అని నాలుగుసార్లు పైకి అనుకుంటే చాలు, రైల్వే స్టేషన్‌కి ఎలా వెళ్లాలో అడగడం వచ్చేసినట్టే. చిక్కంతా ఆ మదామ్ నోరు తెరిచాక మొదలవుతుంది. "అలోర్, వూ కోఁతిన్యుయే తూ ద్రువా జ్యుస్కో ఫో, లా వూ ప్రనే లా దోజ్యెమ్ ఆ ద్రువాత్, ఎ సె జ్యుస్త్ ఆఁ ఫాస్ ద లా పోస్త్" అని ఒక్క గుక్కలో చెప్పి ఆమె దారిన ఆమె వెళ్లిపోతుంది. సిగ్నల్ దాకా నేరుగా వెళ్లండి, అక్కడ కుడివైపు రెండో వీధి పట్టుకోండి, పోస్టాఫీసుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది అని ఆమె చెప్పింది. వినేవాడికి అందులో 'పోస్త్' ఒక్కటే అందుతుంది.

కాబట్టి యాప్ వేసుకోవాలా, ఆన్‌లైన్ క్లాసులో చేరాలా, ట్యూటర్‌ని పెట్టుకోవాలా అని ఊగిసలాడేవాళ్లు 'ఏది ఎక్కువ వాక్యాలు నేర్పుతుంది' అని లెక్క వేస్తే దెబ్బతింటారు. వచ్చిన జవాబును చెవి పట్టుకునేలా ఏది చేస్తుందో చూసుకోవాలి.

ఇక్కడ రాసిన ఫ్రెంచ్ మాటలు చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి. త, ద, ప మన తెలుగులో పలికినట్టే పలకాలి. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అన్నారా, ఫ్రెంచ్ పోయినట్టే. ర్యు, జ్యుల్లో ఉన్న అచ్చు మనకు లేదు. నాలుక ఈ అనే స్థానంలో ఉంచి, పెదాలు మాత్రం ఊ అన్నట్టు గుండ్రంగా చుడితే వస్తుంది.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

మొదటిది చెవి. మామూలు వేగంతో, కొత్త గొంతుతో, రోడ్డు మీద రొదలో వచ్చే జవాబును ఆ పద్ధతి వినిపిస్తుందా?

రెండోది నోరు. విన్నది తిరిగి చెప్పమంటుందా? దారి చెప్పడం నేర్చుకోవాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు. విన్న జవాబును మళ్లీ అప్పగించడమే దారి చెప్పడానికి తొలి మెట్టు.

మూడోది తప్పు దిద్దే మనిషి. కుడి, నేరుగా అనే రెండు మాటలు మీ నోట్లో ఒకేలా వస్తుంటే ఆ సంగతి మీకు తెలియదు, పక్కవాళ్లకే తెలుస్తుంది.

నాలుగోది మన ఊరి నుంచి వీలు. ఫ్రెంచ్ సంస్థలున్న చెన్నై నెల్లూరుకు దాదాపు 175 కిలోమీటర్లు. ఒంగోలు నుంచైతే ఇంకో నూటపది పైమాటే. వారానికి మూడు రోజులు వెళ్లి రావడం ఉద్యోగస్తులకి జరిగే పని కాదు.

## ముందు నేర్చుకోవలసిన సరుకు

ఏ పద్ధతి పట్టుకున్నా సరుకు ఇదే. అడగడానికి మూడు మూసలు చాలు, వాటిలోనూ తేడా ఉంది.

'ఊ ఎ' అంటే ఎక్కడుంది అని. ఆ చోటు ఉందని ముందే తెలిసినప్పుడు వాడాలి: "ఊ ఎ లా గార్?" మందుల షాపు దగ్గరలో ఉందో లేదో తెలియకపోతే "ఇల్ యా యున్ ఫార్మసీ పారిసీ?" అనాలి. ఈ చుట్టుపక్కల మందుల షాపు ఒకటుందా అని దానర్థం. మూడోది 'పూర్ అలే'. మర్యాదగా ఉంటుంది, దారి మొత్తం చెప్పించుకుంటుంది, కానీ ఇందులోనే వ్యాకరణం కాలికి తగులుతుంది. చోటు పేరు స్త్రీలింగమైతే 'ఆ లా గార్', పుంలింగమైతే 'ఓ మార్షే' (మార్కెట్‌కి), అచ్చుతో మొదలైతే 'ఆ లోపితాల్' (ఆసుపత్రికి). లింగం గుర్తులేనివాళ్లకి 'ఊ ఎ' కూడా పూర్తిగా తప్పించుకునే దారి కాదు, లా, ల అనే తేడా అక్కడా ఉంటుంది. కాకపోతే తప్పుగా అన్నా అర్థమైపోతుంది. లింగం కోసం అడగడం మానుకోవద్దు.

ఏ మూస వాడినా ముందు 'బోఁజూర్', సాయంత్రమైతే 'బోఁస్వార్' అని, అవతలివాళ్లు కూడా అనేదాకా ఒక క్షణం ఆగి, అప్పుడు అడగాలి. నెల్లూరులో "ఏన్నా, బస్టాండుకి ఎట్టా పోవాల?" అని నేరుగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అన్నా అనే పిలుపులోనే మర్యాద ఉంది. ఫ్రాన్స్‌లో ఆ పని బోఁజూర్ చేస్తుంది. అది లేకుండా ప్రశ్న విసిరితే మొహం చిట్లించి ముక్తసరిగా చెప్పేవాళ్లు ఎక్కువ. తెలియనివాళ్లతో ఎప్పుడూ 'వూ', అంటే మన మీరు.

ఇక జవాబులో పొరపాటు జరిగే జంటలు:

| వినిపించేది | అర్థం | దీంతో కలిసిపోయేది | అర్థం |
|---|---|---|---|
| తూ ద్రువా | నేరుగా | ఆ ద్రువాత్ | కుడికి |
| దోజ్యెమ్ | రెండో | దూజ్యెమ్ | పన్నెండో |
| దవాఁ లా బాఁక్ | బ్యాంకు ముందర, గుమ్మం దగ్గర | ఆవాఁ లా బాఁక్ | బ్యాంకు రాకముందే |
| ఓ దస్యు | పైన | ఓ దసూ | కింద |

మొదటి జంట ఒక్కటే సగం మందిని దారి తప్పిస్తుంది. చివరి త్ వినిపిస్తే కుడి, వినిపించకపోతే నేరుగా అని పుస్తకాలు చెబుతాయి. బస్సు హారన్ మోగుతుంటే ఆ త్ ఎవరికి వినిపిస్తుంది? దాని మీద ఆధారపడకండి, ముందున్న మాట పట్టుకోండి. 'తూ' అని మొదలైతే నేరుగా. 'ఆ' అనో, 'స్యుర్ వోత్ర్' (మీ వైపున) అనో మొదలైతే కుడి. ఎడమకి 'ఆ గోష్', దాంతో గొడవ లేదు.

మూడో జంట ప్రత్యేకంగా తెలుగువాళ్ల కోసం. "బ్యాంకు ముందు" అని మనం రెండర్థాల్లోనూ వాడతాం. ఫ్రెంచ్‌వాళ్లు వాడరు. 'దవాఁ' అంటే బ్యాంకు గుమ్మం ముందర. 'ఆవాఁ' అంటే బ్యాంకు ఇంకా రాకముందే తిరగాలి. 'ఆఁ ఫాస్' అంటే రోడ్డుకి అవతలివైపు, బ్యాంకుకి ఎదురుగా. ఈ మూడూ విడివిడిగా పట్టుబడేదాకా ఏ పాఠమూ పూర్తి కాలేదనుకోవాలి.

ఇంకోటి రోఁ ప్వేఁ, అంటే రౌండ్ సర్కిల్. ఫ్రాన్స్‌లో బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి సర్కిల్ చుట్టూ గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతాయి. 'లా ప్రెమ్యెర్ సోర్తీ', మొదటి దారి అన్నారంటే అక్కడ అది కుడికి. మన ఊళ్లో మొదటి దారి ఎడమకి వస్తుంది. మాట అర్థమై కూడా తప్పు దారిలోకి తిరిగేది ఇక్కడే.

## ఒక్కొక్క పద్ధతి

పాఠాల యాప్‌లు. డ్యువోలింగో లాంటివి ఉచితంగా మొదలుపెట్టొచ్చు, ఫోన్ ఉంటే చాలు. చాలావరకు ఇంగ్లీషు ద్వారా నేర్పుతాయి, అది అడ్డు కాకపోతే మాటల గుర్తింపు త్వరగా వస్తుంది. గార్, ర్యు (వీధి), పోఁ (వంతెన), గోష్ లాంటి మాటలు పది రోజుల్లో నోటికి వస్తాయి. లోపం ఎక్కడంటే, గొంతు శుభ్రంగా, నిదానంగా, ఒక్కో వాక్యం విడిగా వస్తుంది. నాలుగు మలుపుల జవాబు ఒక్కసారిగా వినిపించదు. పైగా 'తూర్నే ఆ గోష్' అని ఆజ్ఞార్థకం ఎక్కువ నేర్పుతాయి. వీధిలో మనుషులు 'వూ తూర్నే', 'వూ ప్రనే', 'వూ జలే వ్వార్' అంటూ మీరు తిరుగుతారు, మీరు పట్టుకుంటారు, మీకు కనిపిస్తుంది అన్న పద్ధతిలో చెబుతారు. వరసగా ఎన్ని రోజులు ఆడారన్న లెక్క చూసి మురిసిపోవడానికి బాగుంటుంది, దారి కనుక్కోవడానికి అది పనికిరాదు.

అనువాద యాప్, ఫోన్ మ్యాప్. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఫ్రెంచ్‌ని బయల్దేరకముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా రాసింది చూపించి అడగొచ్చు. జవాబు వినిపించుకోవడానికి మాత్రం రోడ్డు మీద నమ్మలేం. చుట్టూ చప్పుడు, అవతలివాళ్ల తొందర, ఊరిపేర్లు, అన్నీ కలిసి దాన్ని తికమక పెడతాయి.

ఫోన్ మ్యాప్‌లో ఇంకో వాడుక ఉంది. గూగుల్ మ్యాప్స్ సెట్టింగ్‌లలో నావిగేషన్ గొంతును ఫ్రెంచ్‌కి మార్చి, ఇంటి నుంచి మార్కెట్‌కి నడిచి వెళ్లండి. "దాఁ దో సాఁ మేత్ర్, తూర్నే ఆ ద్రువాత్" అని 200 మీటర్లలో కుడికి తిరగమంటుంది. మీకు తెలిసిన దారి కాబట్టి అర్థం వెదుక్కోనక్కర్లేదు, చెవి మాత్రమే పని చేస్తుంది. అంకెలకు ఇంతకు మించిన సాధన లేదు. బండి నడుపుతూ ఇయర్‌ఫోన్ పెట్టుకుని మాత్రం చేయకండి, నడిచి గానీ వెనక కూర్చుని గానీ వినండి. మన వీధుల పేర్లను ఆ గొంతు ఖూనీ చేస్తుంది, పట్టించుకోకండి. పైన చెప్పిన సర్కిల్ తిరకాసు మాత్రం మరిచిపోవద్దు.

సంస్థ క్లాసులు. చెన్నైలోనూ హైదరాబాదులోనూ అలియాన్స్ ఫ్రాంసేజ్ ఉంది. చెన్నైది నుంగంబాక్కంలో. ఆన్‌లైన్ బ్యాచ్‌లు ఉంటాయి కాబట్టి ఒంగోలులో, కావలిలో, కనిగిరిలో ఉండి కూడా చేరొచ్చు. నెట్ నిలకడగా ఉండాలి, క్లాసు వేళకి ఇంట్లో గది దొరకాలి. యూరప్ ప్రమాణాల ప్రకారం నెమ్మదిగా చెప్పిన చిన్న చిన్న దారి సూచనలు అందుకోవడం ఎ1 అనే మొదటి స్థాయి పని, మ్యాపు చూస్తూ దారి అడగడం, చెప్పడం దాని పైదైన ఎ2 పని. క్లాసు ఆ మెట్లు వరసగా ఎక్కిస్తుంది, లింగాలూ, 'ఆ', 'ల' కలిసి 'ఓ', 'ద', 'ల' కలిసి 'ద్యు' అయ్యే లాంటి కలయికలూ గట్టిగా కూర్చుంటాయి. బ్యాచ్‌లో పదిమంది పైగా ఉంటే ఒక్కొక్కరికి మాట్లాడే వంతు కొద్ది నిమిషాలే. దారి పాఠం మొత్తం కోర్సులో ఒకటి రెండు క్లాసుల్లో అయిపోతుంది. కేవలం దీని కోసమే చేరితే డబ్బు దండగ. పరీక్ష గానీ చదువు గానీ ముందుంటే ఇంతకు మించింది లేదు.

ఒకరికొకరు ట్యూటర్. ఐటాకీ, ప్రెప్లీ లాంటి వెబ్‌సైట్లలో గంటల లెక్కన దొరుకుతారు. ధర ట్యూటర్‌ని బట్టి బాగా మారుతుంది. వేళ చూసుకోవాలి. చలికాలంలో ఫ్రాన్స్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, ఎండాకాలంలో మూడున్నర గంటలు వెనక. మనకి రాత్రి 8 గంటలంటే వాళ్లకి మధ్యాహ్నమో సాయంత్రమో కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక్కడ డబ్బు వృథా అయ్యేది ట్యూటర్ చేత వివరణ చెప్పించుకుంటే. వివరణ ఉచితంగా ఎక్కడైనా దొరుకుతుంది. ట్యూటర్‌కి ముందే ఇలా చెప్పండి: ఒక ఊరి మ్యాపు ఇద్దరం తెరుచుకుందాం, మీరు మామూలు వేగంతో దారి చెప్పండి, నేను పెన్సిల్‌తో గీస్తాను, తర్వాత తిరిగి అప్పజెబుతాను. అరగంటలో ఆరు దారులు అవుతాయి. తిరిగి అప్పజెప్పే మూస ఇది: "దోఁక్, జ వే తూ ద్రువా, ప్యుయి లా దోజ్యెమ్ ఆ గోష్, సె సా?" అంటే, అయితే నేరుగా వెళ్లి తర్వాత ఎడమకి రెండోది, అంతేనా? నిజమైన వీధిలో కూడా మిమ్మల్ని కాపాడే వాక్యం ఇదే. తప్పుంటే అవతలివాళ్లు అక్కడికక్కడే దిద్దుతారు.

సొంతంగా. టీవీ5మోఁద్ అనే టీవీ చానల్ వారి ఫ్రెంచ్ పాఠాల సైటు, ఆర్‌ఎఫ్‌ఐ అనే ఫ్రెంచ్ రేడియో వారి సులభ ఫ్రెంచ్ విభాగం రెండూ ఉచితం, రెంటిలోనూ నిజమైన మనుషుల గొంతులు వినిపిస్తాయి. వినడం అక్కడ, సాధన మన ఊరి మీద.

నెల్లూరు అయితే గాంధీ బొమ్మ, వీఆర్‌సీ సెంటర్, ఆర్టీసీ బస్టాండు, రైల్వే స్టేషన్, పెన్నా వంతెన. ఒంగోలు అయితే చర్చి సెంటర్, అద్దంకి బస్టాండు, కలెక్టరేట్, రైల్వే స్టేషన్. ఒక తెల్లకాగితం మీద వీటిని వేసి, పక్కన లింగంతో సహా ఫ్రెంచ్ మాట రాయండి: విగ్రహం లా స్తాత్యు, వంతెన ల పోఁ, బస్టాండు లా గార్ రూత్యెర్, చర్చి లెగ్లీజ్. ఇప్పుడు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దారి ఫ్రెంచ్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేయండి. బయల్దేరిన చోటు మాత్రం చెప్పి, చేరే చోటి పేరు చెప్పకండి. ఐదారు రికార్డులు చేసి నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత వాటిని కలగాపులగంగా వింటూ మ్యాపు మీద వేలు నడిపించండి. వేలు వేరే వీధిలో తేలితే మీరు చెప్పింది తప్పయినా అయి ఉండాలి, విన్నది తప్పయినా అయి ఉండాలి. స్నేహితుడు ఉంటే ఒకరు చెప్పడం, ఒకరు గీయడం ఇంకా మేలు.

చెప్పేటప్పుడు మన అలవాటు ఒకటి పక్కన పెట్టాలి. "గుడికి తూర్పు పక్క సందు, అక్కడి నుంచి ఉత్తరానికి" అనే తీరు ఫ్రాన్స్ వీధుల్లో చెల్లదు. నడిచే మనిషి కుడి, ఎడమల లెక్కనే చెప్పాలి. కాబట్టి గుడి దగ్గర అతను ఎటు తిరిగి ఉంటాడో ముందు ఊహించుకుని అప్పుడు నోరు తెరవాలి. దూరం కూడా మీటర్లలోనో, "ఆ సేఁక్ మిన్యుత్ ఆ ప్యే", నడిచి 5 నిమిషాలు అనో చెబుతారు.

ఈ పద్ధతికి ఉన్న ఒకే పెద్ద లోటు, దిద్దేవాళ్లు లేకపోవడం. మీ 'ర్యు' నిజంగా 'రూ' అయిపోయినా ఎవరూ చెప్పరు. ర్యు వీధి, రూ చక్రం.

| పద్ధతి | చెవికి | నోటికి | దిద్దుబాటు | ఖర్చు | ఇబ్బంది |
|---|---|---|---|---|---|
| పాఠాల యాప్ | కొంచెం | కొంచెం | యంత్రం చేసేదే | ఉచితం నుంచి | పొడుగు జవాబు వినిపించదు |
| మ్యాపు గొంతు | అంకెలు, మలుపులు బాగా | లేదు | లేదు | ఉచితం | ఎదురుగా, పక్కన లాంటి మాటలు తక్కువ |
| సంస్థ క్లాసు | బాగానే | వంతు వస్తే | ఉంది, పద్ధతిగా | ఎక్కువ | నెలలు పడుతుంది |
| ట్యూటర్ | చాలా బాగా | చాలా బాగా | ఉంది, వెంటనే | గంటల లెక్క | మనమే నడిపించుకోవాలి |
| సొంతంగా | బాగా | బాగా | లేదు | ఉచితం | క్రమశిక్షణ, ఉచ్చారణ |

## ఎవరికి ఏది

రొయ్యల ఎగుమతి పని మీదో చీమకుర్తి గ్రానైట్ బేరం మీదో వారం రోజులకి వెళ్లేవాళ్లకి క్లాసు వద్దు. అడిగే మూసలు మూడు, అప్పజెప్పే మూస ఒకటి, "ప్ల్యు లాఁత్‌మాఁ, సిల్ వూ ప్లే" అని ఇంకాస్త నెమ్మదిగా చెప్పమనే వేడుకోలు, వీటితో పాటు ట్యూటర్ దగ్గర రెండు మూడు గంటలు చాలు. పారిస్ మెట్రో ఎక్కాల్సి వస్తే ఒకటి తెలుసుకోండి. అక్కడ దిశను లైను చివరి స్టేషన్ పేరుతో చెబుతారు. ఒకటో లైనులో తూర్పుకి వెళ్లాలంటే 'దిరెక్స్యోఁ షాతో ద వాఁసెన్', పడమరకి అయితే 'దిరెక్స్యోఁ లా దెఫాఁస్'. 'కోరెస్పోఁదాఁస్' రాసి ఉన్న బోర్డు లైను మారడానికి, 'సోర్తీ' బయటికి పోవడానికి. అడ్రసు చివర 75005 అని ఉంటే పారిస్ ఐదో వార్డు అని, చివరి రెండంకెలు చూస్తే తెలిసిపోతుంది.

మాస్టర్స్ కోసం వెళ్లే విద్యార్థులు, చదువు ఇంగ్లీషులోనే అయినా, ఆర్నెల్లు ముందుంటే ఆన్‌లైన్ క్లాసులో చేరడం మేలు. గది వెతుక్కోవడం, ఆఫీసుల చుట్టూ తిరగడం అన్నీ ఫ్రెంచ్‌లోనే. రెండు నెలలే ఉంటే క్లాసు సగంలో ఆగుతుంది. అప్పుడు సొంత సాధనకి వారానికో ట్యూటర్ గంట జోడించండి.

దెల్ఫ్ అనే ఫ్రెంచ్ భాషా పరీక్ష రాసేవాళ్లకి నిర్ణయం తేలిక: క్లాసు. ఎ1 మౌఖికంలో ముఖాముఖి, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, ఉత్తుత్తి సంభాషణ అని మూడు భాగాలుంటాయి, వెనక రెంటికీ పది నిమిషాల తయారీ సమయం ఇస్తారు. పాస్ మార్కు 100కి 50, అయితే నాలుగు విభాగాల్లో ప్రతిదాంట్లోనూ 25కి కనీసం 5 రావాలి. యాప్‌తో చదివి మాట్లాడ్డం వదిలేసినవాళ్లు చిక్కుకునేది ఈ చివరి షరతు దగ్గరే.

పుదుచ్చేరి హోటళ్లలో పని చూసుకునేవాళ్లు అడగడం పక్కన పెట్టి చెప్పడమే సాధన చేయాలి. ఆ ఊరి తెల్లవాళ్లపేటలో చాలా వీధుల ఫ్రెంచ్ పేర్లు 'ర్యు' అనే మొదలవుతాయి, వాటినే మ్యాపుగా పెట్టుకోవచ్చు.

కెనడా, అందులోనూ క్యుబెక్ ఆలోచనలో ఉన్నవాళ్లు ట్యూటర్‌ని ఎంచుకునేటప్పుడే క్యుబెక్ మనిషిని వెతుక్కోవడం మంచిది. ఫ్రాన్స్ గొంతులతో నేర్చుకున్న చెవి అక్కడ తడబడుతుంది. వాడుక మాటల్లో అక్కడ నేరుగా వెళ్లమనడానికి 'తూ ద్రెత్' అంటారు. త్ గట్టిగా వినిపిస్తుంది, అయినా కుడి కాదు. త్ ని నమ్ముకున్నవాళ్లు మొదటి మలుపులోనే తప్పుతారు, ముందున్న 'తూ' పట్టుకున్నవాళ్లు నిలబడతారు. సిగ్నల్‌ని 'ఫో' అనకుండా 'ల్యుమ్యెర్' అంటారు. దూరాన్ని 'దో క్వేఁ ద ర్యు', రెండు వీధి మూలలు అని చెబుతారు. మాంట్రియల్‌లో తూర్పు పడమరలుగా పోయే చాలా వీధుల పేరు చివర 'ఎస్త్' లేదా 'వెస్త్' ఉంటుంది, తూర్పు, పడమర అని. ఈ రెంటినీ విడదీసేది సేఁ లోరాఁ వీధి, ఇంటి నంబర్లు అక్కడి నుంచే రెండు వైపులా పెరుగుతాయి. అడ్రసు రాసుకునేటప్పుడు ఆ చివరి మాట వదిలేస్తే అదే నంబరు ఇల్లు ఊరికి రెండో వైపున కూడా ఉండొచ్చు.